మోటార్‌సైకిల్ ట్రైలరు: లాగే బలం, ఆపే బలం

మోటార్‌సైకిల్ వెనక కొక్కెంతో తగిలించి, సామాన్లు వేసుకుని లాక్కెళ్లే ఒక చక్రం లేదా రెండు చక్రాల చిన్న బండి మోటార్‌సైకిల్ ట్రైలరు. మన వాడుకలో దీన్ని ట్రాలీ అంటారు. యూరప్, అమెరికాల్లో దూర ప్రయాణాల బైకుల వెనక గుడారం, పరుపు, వంట సామాను మోసుకెళ్లడానికి దీన్ని వాడతారు. మన దగ్గర అరుదు. కానీ దీని గురించి ఆలోచించవలసిన చోటు ఏదైనా ఉందంటే కర్నూలును ఆనుకుని హంద్రీ అవతల ఉన్న కల్లూరు అలాంటిదే. 44వ జాతీయ రహదారి ఈ చుట్టుపక్కల నుంచే ఉత్తరాన హైదరాబాదుకు, దక్షిణాన డోన్, గుత్తి, అనంతపురం మీదుగా బెంగళూరుకు పోతుంది. 40వ జాతీయ రహదారి ఓర్వకల్లు, నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడపకు, అక్కడి నుంచి రాయచోటికి సాగుతుంది. మంత్రాలయం, యాగంటి, అహోబిలం, బెలూం గుహలు, గండికోట, శ్రీశైలం అన్నీ ఒక రోజు బైకు ప్రయాణంలో అందే దూరాలు. బైకు మీద తిరిగేవాళ్లు పెరిగేకొద్దీ వాళ్ల సామానూ పెరుగుతుంది. అప్పుడు ఎవరైనా మొదట అడిగేది ‘ఈ బండి ఇంత బరువు లాగుతుందా?’ అని. ఈ వ్యాసం వాదన ఏమిటంటే, ఆ ప్రశ్నే తప్పు. బైకు ట్రైలరుకు కొలమానం ఇంజను లాగగలిగే బరువు కాదు, బ్రేకులు ఆపగలిగే బరువు. యంత్రం తీరు, రాయలసీమ రోడ్లు, చట్టం, మూడూ ఈ ఒక్క మాట దగ్గరకే వస్తాయి.

తెలుగులో మోటార్‌సైకిల్నీ బండి అనే అంటాం, ఎద్దులు లాగేదాన్నీ బండి అనే అంటాం. ఈ పోలిక ఒట్టి మాట వరకే కాదు. ఎద్దుల బండికి బస్తాలు ఎత్తే రైతుకు ట్రైలరు శాస్త్రంలో సగం ముందే తెలుసు. బరువంతా ఇరుసుకు వెనక పడితే నొగ లేచి కాడి ఎద్దుల మెడ మీద నిలవదు. మరీ ముందుకు పడితే భారమంతా మెడల మీదే పడుతుంది. అందుకే బరువు ఇరుసుకు కొద్దిగా ముందుకు మొగ్గేలా సర్దుతారు. తోలేవాడు ఎగువ ఎక్కేటప్పుడు ముందుకు జరిగి కూర్చుంటాడు, దిగుడులో వెనక్కి జరుగుతాడు. బైకు ట్రైలరులోనూ ఇదే లెక్క. మొత్తం బరువులో సుమారు పదో వంతు కొక్కెం మీద ఆనాలి. అంతకంటే తగ్గితే ట్రైలరు వేగంలో తోక ఆడించడం మొదలుపెడుతుంది. మరీ ఎక్కువైతే బైకు వెనక భాగం కుంగి, ముందు చక్రం తేలికై, హ్యాండిల్ మాట వినదు. ఎద్దుల బండి నడక వేగంలో ఈ పొరపాటును క్షమిస్తుంది. గంటకు 70 కిలోమీటర్ల వేగంలో బైకు క్షమించదు.

మోటారు బండి వెనక మరో బండిని కట్టడం కొత్త ఊహ కాదు. 1900 ప్రాంతంలో ఫ్రాన్సులోనూ ఇంగ్లండులోనూ డి డియాన్ వంటి మూడు చక్రాల మోటారు బండ్ల వెనక మనిషి కూర్చునే ట్రైలర్లు తగిలించేవారు. వెనక కూర్చున్నవాళ్ల ముఖానికి దుమ్మూ పొగా కొట్టేవి, ముందున్నవాడితో మాట్లాడే వీలుండేది కాదు. 1903 నాటికి సైడ్‌కారు రావడంతో మనుషుల ట్రైలరు కనుమరుగైంది, సామాన్ల ట్రైలరు మిగిలింది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైన్యం వాడిన ఎన్‌ఎస్‌యూ కంపెనీ కెట్టెన్‌క్రాడ్‌కు ముందు మోటార్‌సైకిల్ ఫోర్కు, వెనక ట్యాంకు తరహా పట్టాలు ఉండేవి. అది చిన్న ట్రైలర్లను బురదలో లాగేది. 1960లలో చెకొస్లొవేకియా జావా మోటార్‌సైకిళ్ల కోసం పావ్ 40 అనే ఒంటి చక్రం ట్రైలరును తయారుచేసింది. మైసూరులో ఐడియల్ జావా కర్మాగారం తయారుచేసిన జావాలకూ, తర్వాతి యెజ్డీలకూ మూలం ఆ దేశపు బైకే. అమెరికాలో 1975లో హోండా గోల్డ్‌వింగ్ వచ్చాక పెద్ద టూరింగ్ బైకుల వెనక ట్రైలరు కట్టడం ఒక అలవాటుగా స్థిరపడింది. అయితే గమనించవలసిన సంగతి ఒకటుంది. 1833 సీసీ గోల్డ్‌వింగ్‌కు కూడా దాన్ని తయారుచేసిన కంపెనీ తన పుస్తకంలో, ఈ బండిని ట్రైలరు లాగడానికి రూపొందించలేదని రాస్తుంది. హార్లీ డేవిడ్‌సన్ మాటా అదే. అంతటి ఇంజనుకు బలం చాలక కాదు ఈ హెచ్చరిక.

ఎందుకో తెలియాలంటే మోటార్‌సైకిల్ నడక తీరు చూడాలి. కారు మలుపులో నిటారుగా ఉంటుంది, బైకు వంగుతుంది. రెండు చక్రాల ట్రైలరు వంగదు. కాబట్టి మధ్యలోని కొక్కెం మూడు కదలికలకు చోటివ్వాలి: ఎడమ కుడి తిరగడానికి, గతుకుల్లో పైకీ కిందికీ ఊగడానికి, ట్రైలరు నిటారుగా ఉండగానే బైకు పక్కకు ఒరగడానికి. కార్లకు వాడే మామూలు గుండు కొక్కెం మూడోదాన్ని కొంతవరకే భరిస్తుంది. అందుకే మంచి బైకు ట్రైలరులో గుండుతోపాటు దండం తన చుట్టూ తాను తిరిగే కీలు ఉంటుంది. ఈ కీలు బిగుసుకుపోతే మలుపులో ఒరిగిన బైకును ట్రైలరు నిటారుగా లేపాలని చూస్తుంది, రైడరు రోడ్డు అంచుకు పోతాడు. ఒంటి చక్రం ట్రైలరు తీరు వేరు. అది బైకుతోపాటే ఒరుగుతుంది, బైకు టైరు పోయిన గాడిలోనే వస్తుంది, కానీ దాని బరువులో పెద్ద వాటా కొక్కెం మీదే పడుతుంది, ఒరిగినప్పుడు కొక్కేన్ని మెలితిప్పుతుంది. కాబట్టి అది తక్కువ సామానుకే పనికొస్తుంది. కొక్కేన్ని ఎక్కడ బిగించాలన్నది ఇంకో చిక్కు. సీటు కింద, నంబరు ప్లేటు దగ్గర ఉండే సన్నని ఇనుప చట్రం మనిషినీ బ్యాగునీ మోయడానికి చేసింది, వెనక నుంచి గుంజే బలానికి కాదు. దానికి వెల్డింగు చేసి కొక్కెం పెట్టడం అన్నిటికంటే సులువు, అన్నిటికంటే ప్రమాదం. బలం ప్రధాన చట్రానికి చేరేలా రెండు వైపులా పట్టీలు దిగాలి, కొక్కెం వెనక చక్రం ఇరుసు ఎత్తుకు దగ్గరగా ఉండాలి. కొక్కెం ఊడినా బండి విడిపోకుండా గొలుసు తప్పనిసరి.

ఇప్పుడు లెక్క చూద్దాం. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 బరువు 195 కిలోలు, దాని ఇంజను బలం సుమారు 20 హార్స్‌పవర్. 130 కిలోల ట్రైలరును వందకు ఐదు వాలు ఉన్న ఎగువలో గంటకు 40 కిలోమీటర్ల వేగంతో లాగడానికి అదనంగా కావలసింది ఒకటిన్నర హార్స్‌పవర్ లోపే. అంటే లాగడం ఆ ఇంజనుకు సమస్యే కాదు. నాలుగైదు కిలోమీటర్లు లాగి చూసి ‘భలే లాగుతోంది’ అనుకునేవాళ్లను మోసం చేసేది ఈ సులువే. ఇక ఆపే సంగతి. బైకు, 75 కిలోల రైడరు కలిసి 270 కిలోలు. పొడి రోడ్డు మీద గంటకు 60 కిలోమీటర్ల వేగం నుంచి గట్టిగా బ్రేకు వేస్తే, బ్రేకు పట్టాక సుమారు 23 మీటర్లలో ఆగుతుంది. బ్రేకులు లేని 130 కిలోల ట్రైలరు తగిలిస్తే మొత్తం 400 కిలోలు. రోడ్డును పట్టుకునే బలం మాత్రం బైకు టైర్లదే, అది కొక్కెం మీద ఆనిన బరువు మేరకే పెరుగుతుంది. అదే వేగం నుంచి ఆగడానికి సుమారు 33 మీటర్లు కావాలి. ఆ అదనపు పది మీటర్లు ఒక లారీ పొడవు. ట్రైలరు బరువును సగానికి, 65 కిలోలకు తగ్గిస్తే దూరం 28 మీటర్లకు దిగుతుంది. మలుపులోనో తడి రోడ్డు మీదో ఈ తేడా ఇంకా కఠినమవుతుంది. ముందు ఆగుతున్న బైకును వెనక నుంచి ట్రైలరు నెడుతుంది, ఆ నెట్టుడు నేరుగా కాకుండా పక్కగా పడితే బైకు వెనక చక్రం జారి రెండు బండ్లూ కత్తెరలా ముడుచుకుంటాయి.

కడప దాటి రాయచోటి వైపు పోయేవాళ్లకు గువ్వలచెరువు ఘాట్ ఈ లెక్కను కళ్లకు కడుతుంది. పాలకోవాకు ఎంత పేరో, లారీల ప్రమాదాలకూ ఆ ఘాట్‌కు అంత పేరుంది. 400 కిలోల బరువు వంద మీటర్ల ఎత్తు దిగితే పుట్టే శక్తి సుమారు 390 కిలోజౌళ్లు. ఒక లీటరుకు పైగా నీళ్లను మరిగే దశకు తేవడానికి సరిపోయే వేడి అది. దిగుడంతా బ్రేకు మీదే ఆధారపడితే ఆ వేడంతా అరచేతి మందం కూడా లేని డిస్కులకూ ప్యాడ్లకూ పోతుంది. బ్రేకు నూనె మరిగితే లివరు మెత్తబడుతుంది, పట్టు పోతుంది. ఇంజనును చిన్న గేరులో ఉంచి దిగడమే మందు. ఆ పద్ధతి తెలిసిన రైడరు కూడా ఖాళీ బైకుతో దిగే వేగంలో ట్రైలరుతో దిగకూడదు. నల్లమల గుండా దోర్నాల నుంచి శ్రీశైలం పోయే దారిలో మరో ఇబ్బంది ఉంది. అది పులుల అభయారణ్యం. సామాను జారిందని మలుపు దగ్గర బండి ఆపి సర్దుకునే చోటు కాదు, రాత్రిపూట ఆ దారిలో రాకపోకలకు అనుమతీ లేదు.

మైదానంలో రోడ్డు వేరే పరీక్షలు పెడుతుంది. బైకు ఒకే గాడిలో నడుస్తుంది, రెండు చక్రాల ట్రైలరు దానికి అటూ ఇటూ ఇంకో రెండు గాళ్లలో వస్తుంది. రైడరు గుంతను చూసి తప్పించుకున్నా ట్రైలరు చక్రం అందులో పడవచ్చు. పడినప్పుడు ఆ కుదుపు కొక్కెం ద్వారా బైకును పక్కకు లాగుతుంది. స్పీడు బ్రేకర్ల కథ ఇంకొకటి. ప్రమాణం ప్రకారం కట్టిన గడ్డ 3.7 మీటర్ల వెడల్పున, 10 సెంటీమీటర్ల ఎత్తున గుండ్రంగా ఉండాలి. ఊళ్ల దగ్గర మనకు ఎదురయ్యే చాలా గడ్డలు ఇరుకైనవి, నిటారుగా లేచినవి. బైకు రెండు చక్రాలూ దాటి ఊపిరి పీల్చుకునే సమయానికి ట్రైలరు చక్రాలు గడ్డ ఎక్కుతాయి, దండం పైకి తంతుంది. పంట చేతికొచ్చే రోజుల్లో జొన్నలూ మొక్కజొన్నా రోడ్డు మీదే ఆరబోస్తారు. గింజల మీద ట్రైలరుతో బ్రేకు వేయడం గోళీల మీద నడిచినట్టే. ఇక నంద్యాల వైపు నల్లరేగడి. వాన పడ్డాక రోడ్డు దిగితే ఆ మట్టి ట్రైలరు చిన్న చక్రాలకు ముద్దలు ముద్దలుగా చుట్టుకుని మడ్‌గార్డులో ఇరుక్కుని చక్రం తిరగడమే ఆపేస్తుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఎండలో గాలి తగ్గిన చిన్న టైర్లు త్వరగా వేడెక్కి పగులుతాయి. పెద్ద చక్రాలకంటే అవి అదే దూరానికి ఎక్కువ చుట్లు తిరుగుతాయి కదా. ఎత్తుగా కప్పిన టార్పాలిన్ గట్ల మీద ఈడ్చికొట్టే గాలికి తెరచాప అవుతుంది. కాబట్టి మన రోడ్లకు సరైన ట్రైలరు వెడల్పులో హ్యాండిలును దాటకూడదు, ఎత్తులో సీటును దాటకూడదు, చక్రాలు వీలైనంత పెద్దవిగా ఉండాలి. వెనక దీపాలు, ఇండికేటర్లు, రెండు వైపులా మెరిసే పట్టీలు లేకపోతే చీకట్లో లారీ డ్రైవరుకు బైకు ఒక్కటే కనబడుతుంది, దాని వెనక మరో మీటరున్నర బండి ఉందని తెలియదు.

చట్టం ఏమంటుంది? 1988 మోటారు వాహనాల చట్టం దృష్టిలో సెమీ ట్రైలరు, సైడ్‌కారు కాకుండా మోటారు వాహనం లాగే ఏ వాహనమైనా ట్రైలరే. మోటారు వాహనం అన్న మాట నిర్వచనంలోనే ట్రైలరునూ చేర్చారు. ఇంజను లేదు కాబట్టి రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్న వాదన ఇక్కడ నిలవదు. 61వ సెక్షన్ ప్రకారం లాగే బండి నంబరు ట్రైలరు మీదా కనబడాలి. బండి తయారీదారు ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చరాదని 52వ సెక్షన్ అంటుంది. కేరళ నుంచి వచ్చిన కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ సంగతినే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణ, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకూ 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ అని రాసింది. కొన్ని రాష్ట్రాల నిబంధనలు ఇంకా సూటిగా, సైడ్‌కారు లేని రెండు చక్రాల మోటార్‌సైకిల్ ట్రైలరు లాగరాదని అంటాయి. 2020 జూలైలో కేంద్రం బైకు వెనక తేలికపాటి పెట్టెకు మాత్రం కొలతలు ఇచ్చింది: పొడవు 550, వెడల్పు 510, ఎత్తు 500 మిల్లీమీటర్లు. అంటే సుమారు 140 లీటర్ల చోటు. పెట్టెకు కొలత ఉంది, ట్రైలరుకు అలాంటి కొలత లేదు.

ట్రైలరుకు కొలతలు ఇచ్చే ఈ పనిని బ్రిటన్ పూర్తిచేసింది. అక్కడ 125 సీసీ దాటిన మోటార్‌సైకిల్ ట్రైలరు లాగవచ్చు. ట్రైలరు వెడల్పు ఒక మీటరు దాటకూడదు. బైకు వెనక ఇరుసు నుంచి ట్రైలరు చివరి దాకా రెండున్నర మీటర్లు మించకూడదు. సామానుతో కలిపి బరువు 150 కిలోలు, లేదా బైకు బరువులో మూడింట రెండొంతులు, ఏది తక్కువైతే అది. ట్రైలరులో మనిషి కూర్చోకూడదు. ఈ నియమాల్లో ఇంజను బలం గురించి ఒక్క అంకె లేదు, సీసీ హద్దు తప్ప. బరువును బైకు బరువుతో ముడిపెట్టడంలోనే అసలు తెలివి ఉంది. బైకు బరువు ఎంతో టైర్ల పట్టు అంత, టైర్ల పట్టు ఎంతో ఆపే బలం అంత. క్లాసిక్ 350కి ఈ లెక్కన 130 కిలోలు వస్తుంది. 112 కిలోల స్ప్లెండరు 97 సీసీ కాబట్టి అసలు అర్హతే లేదు. ఘాట్లూ గతుకులూ గింజలూ ఉన్న మన దారులకు మూడింట రెండొంతులు కూడా ఎక్కువే, మూడో వంతు సరైనది. క్లాసిక్‌కు అది 65 కిలోలు. ట్రైలరు సొంత బరువు 35 కిలోలు పోగా 30 కిలోల సామాను మిగులుతుంది.

ఇక్కడే మొదటి అభ్యంతరం ఎదురవుతుంది. 30 కిలోల కోసం ట్రైలరు ఎందుకు, పక్కన రెండు బ్యాగులూ వెనక పెట్టే చాలవా? ఒంటరిగా పోయేవాడికి చాలు, అతను ట్రైలరు జోలికి పోకూడదన్నదే సరైన సలహా. వెనక ఇంకొకరు కూర్చుని, ఇద్దరికీ గుడారం, పడక, నీళ్లు కావలసినప్పుడు లెక్క మారుతుంది. ఆ 30 కిలోలూ సీటు వెనక ఎత్తుగా కడితే బైకు బరువు కేంద్రం పైకీ వెనక్కీ పోతుంది, తక్కువ వేగంలో మలుపు తిరగడమే కష్టమవుతుంది. నేలకు దగ్గరగా ఉండే ట్రైలరులో ఆ భారం బైకు నిలకడను అంతగా చెడగొట్టదు. రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. ఎక్సెల్ మోపెడ్ల మీద పాల క్యాన్లు, ఎరువు బస్తాలు, గ్యాసు సిలిండర్లు రోజూ పోతూనే ఉన్నాయి. కూరగాయల తోపుడు బండిని తాడుతో బైకుకు కట్టి లాక్కెళ్లడమూ మన పట్టణాల్లో కొత్త కాదు. ఇవన్నీ నడుస్తుండగా సరైన కీలుతో చేసిన ట్రైలరు గురించి ఇన్ని నియమాలెందుకు? జవాబు అదే ప్రశ్నలో ఉంది. తాడుతో కట్టిన తోపుడు బండికి బ్రేకూ లేదు, దీపమూ లేదు, దండమూ లేదు. బైకు ఆగితే అది వచ్చి గుద్దుతుంది. అది బజారులో నడక వేగంతో పోతుంది కాబట్టి బతికిపోతున్నాం. అదే అలవాటు 44వ రహదారికి ఎక్కితే ఎవరూ కాపాడలేరు. నిషేధం కాగితం మీద ఉండి ఆచరణ తాళ్ల మీద నడవడం కంటే, కొలత ఇచ్చి ఆ కొలతను పాటించమనడం ప్రాణాలకు మేలు. మూడో అభ్యంతరం ఆటో ట్రాలీ గురించి. బరువులు మోయడానికి అదే తగినదన్న మాట నిజం, వ్యాపార సరుకుకు బైకు ట్రైలరు ఎప్పటికీ ప్రత్యామ్నాయం కాదు. ఇక్కడి వాదన ప్రయాణికుడి సొంత సామానుకే పరిమితం.

అవసరం ఉన్నచోట మన ప్రభుత్వమూ ప్రజలూ బైకుకు బండి జోడించడానికి వెనకాడలేదన్నదీ గుర్తుంచుకోవాలి. 2018లో ఆంధ్రప్రదేశ్‌లోని గిరిజన ప్రాంతాల్లో ఫీడర్ అంబులెన్సుల పేరుతో, రోగిని మోసే బండిని మోటార్‌సైకిల్‌కు జోడించి, 108 వాహనం పోలేని గూడేలకు పంపారు. గుజరాత్‌లోని అమ్రేలి జిల్లాలో మన్సుఖ్‌భాయ్ జగానీ బుల్లెట్ మోటార్‌సైకిల్ వెనక చక్రాన్ని తీసి, సేద్యపు పనిముట్లు తగిలించి ‘బుల్లెట్ సాంతీ’ని తయారుచేశాడు. కరువు సీమలో ఎద్దుల జతను సాకలేని రైతుకు అది అక్కరకొచ్చింది. రెండిటిలోనూ చేసినవాళ్లు ముందు బండి చేసే పనిని నిర్ణయించి, దానికి తగ్గ వేగాన్నీ బరువునూ ఎంచుకున్నారు. టూరింగ్ ట్రైలరుకు మాత్రం ఆ వేగాన్నీ బరువునూ నిర్ణయించే బాధ్యతను వెల్డింగు షాపుకే వదిలేశాం.

రవాణా శాఖ చేయవలసిన పని పెద్దదేమీ కాదు. పెట్టెకు ఇచ్చినట్టే ట్రైలరుకూ వెడల్పు, పొడవు, బైకు బరువులో మూడో వంతు మించని బరువు, తిరిగే కీలు, గొలుసు, దీపాలు, గంటకు 60 కిలోమీటర్ల హద్దు రాసి, పరీక్షించి రిజిస్టరు చేసే దారి తెరవాలి. అది జరిగేదాకా కొక్కెం వెల్డింగు చేయించుకోవద్దు. కల్లూరు నుంచి కుటుంబంతో గండికోటకో అహోబిలానికో బైకు మీద బయలుదేరేవాళ్లు, బ్యాగుల్లో పట్టని సామానును ముందు రోజే ఆర్టీసీ కార్గోలో నంద్యాలకో ఆళ్లగడ్డకో జమ్మలమడుగుకో పంపించి, అక్కడ తీసుకోండి.